నడుముకు గుండె యంత్రం కట్టుకుని ఊత్తంగరై దాకా

పోయిన ఏడాది కంపెనీ వైద్య పరీక్షల్లో నా గుండెలో పుట్టుకతో వచ్చిన రంధ్రం బయటపడింది. అప్పటికే రెండేళ్లుగా ఉన్నట్టుండి కళ్లు మసకబారి, గుండె దడదడలాడి, చేతులు చల్లబడేవి. కారణం దొరికిందని, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషపడ్డాను. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. రంధ్రం చాలా చిన్నది, మీ బాధ దానివల్ల కాదు అన్నారు డాక్టరు. మరి దేనివల్లో ఆయనకూ తెలియదు. కంపెనీలో కొందరు నాది సెలవుల జబ్బని తేల్చేశారు. చివరికి ఒక రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే యంత్రం కట్టుకోమన్నారు. హోసూరు పక్కన మత్తిగిరిలో మా ఇంట్లో కూర్చుంటే నాకేమీ కాదు. ఊత్తంగరై దగ్గర చిన్నమ్మ ఊరికి పోయిన రెండుసార్లూ ఇలాగే అయింది. అందుకే అక్కడికే బయలుదేరాను. జబ్బు రావాలని మొక్కుకుంటూ బస్సెక్కడం ఇదే మొదలు.

హోసూరులో ఎనిమిదిన్నరకు ఛాతీకి వైర్లు అతికించి, నడుముకు చిన్న పెట్టె కట్టారు. మరుసటి రోజు విప్పేదాకా స్నానం చేయకూడదు, ఏమైనా అనిపిస్తే టైము రాసుకోవాలి. తొమ్మిదింటికి కృష్ణగిరి బస్సు దొరికింది. రద్దీ లేకపోతే గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. పక్క సీటులోని పెద్దాయన వైర్లు చూసి, "ఏందమ్మా అది?" అన్నాడు.

"గుండెను కనిపెట్టే మిషనప్పా."

"మా కాలంలో గుండె ఒకటి ఉందనే తెలీదు, పని చేసుకుంటా పోయినాము" అని కిటికీ పక్క సీటు నాకు వదిలేశాడు. కృష్ణగిరి బస్టాండులో ఇడ్లీ తిని, ఇంకో బస్సులో గంటన్నర ప్రయాణం చేసి ఊత్తంగరై చేరాను. అక్కడి నుంచి ఊరికి టౌన్ బస్సు. అందులో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఉచితమే.

ఊరు చేరేసరికి ఒంటిగంట. చిన్నమ్మ మేకలు పెంచుతుంది. నన్ను చూసి వాకిట్లోనే ఆపేసింది. "ఆస్పత్రి నించి వచ్చినావు కదమ్మా, తలకు పోసుకో. మేకలు ఈనినాయి, పిల్లలకు ఆ గాలి తగలకూడదు." నీళ్లు తగిలితే యంత్రం పాడవుతుందని చెప్పాను. తను "అట్లయితే ఈడనే ఉండు, నన్ను తాకొద్దు" అని పందిరి కింద చాప వేసింది. ఆమెను తాకితే ఆమె కూడా తలస్నానం చేసేదాకా మందలోకి పోకూడదట. రాగిముద్ద, చారు తెచ్చి, నాలుగడుగుల దూరంలో కూర్చుని కబుర్లు చెప్పింది. నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం.

మూడూ నలభైకి చాప మడవడానికి లేచాను. కళ్ల ముందు మసక. గుండె దడ. పడిపోకుండా రాటను పట్టుకున్నాను. అంతలో చిన్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టింది. "పెదాలు తెల్లగా అయిపోయినాయమ్మా, చేతులు మంచు మాదిరి ఉండాయి" అంది. టైము రాసుకున్నాను. భయం వేసింది, లోపల చిన్న విజయగర్వం కూడా. సాయంత్రం ఆమె చన్నీళ్లు తలకు పోసుకున్నాకే పాలు పితికింది.

మర్నాడు హోసూరుకు తిరిగొచ్చి యంత్రం విప్పించుకున్నాను, మూడు రోజులకు రిపోర్టు వచ్చింది. మూడూ నలభై దగ్గర గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది, అంతే. లయ సరిగానే ఉంది. డాక్టరు గదిలోనే కళ్లనీళ్లు తిరిగాయి. బాగున్నందుకు ఏడ్చేవాళ్లు ఉంటారని ఆయనకు తెలియదు పాపం. తేరుకుని, పెదాలు తెల్లబడ్డాయని మా చిన్నమ్మ చెప్పిందన్నాను. ఆయన తలెత్తి, "ఆమెకు ఫోన్ చేయగలరా?" అన్నారు. స్పీకరులో చిన్నమ్మ గొంతు: "నేను పట్టుకుని చూసినాను సార్. అది నాటకం కాదు." ఆయన అయిదు నిమిషాలు ఆమెను ప్రశ్నలడిగి, అంతా రాసుకుని, నిలబడినప్పుడు రక్తపోటు పడిపోతోందేమో చూసే పరీక్ష రాశారు.

జవాబు ఇంకా దొరకలేదు, బహుశా దొరక్కపోవచ్చు కూడా. ఆ రంధ్రంతో, ఈ దడతో ఉద్యోగానికి పోతున్నాను, బస్సులెక్కుతున్నాను. కానీ ఇన్నేళ్లుగా ఉన్న, ఎవరూ నమ్మరేమోనన్న బెంగ మాత్రం ఆ రోజుతో పోయింది. మీరూ ఇలాంటి యంత్రం కట్టుకుని తిరగాల్సి వస్తే ఒంటరిగా వెళ్లకండి. మీకు ఎలా అనిపించిందో మీరు రాయండి, మీరు ఎలా కనిపించారో పక్కవాళ్లతో చెప్పించండి.