నాలుక చేప రెండో కన్ను

తప్పులు పట్టడమే జీవిత పరమార్థమని నేను నమ్మిన రోజులవి. చిక్కడపల్లిలో ఒక సందు చివరి ప్రెస్సులో ప్రూఫులు దిద్దే కొలువు దొరికి నెల కూడా కాలేదు. "ఇది గూడ పోగొట్టుకున్నవనుకో, సీదా అశోక్‌నగర్ల బ్యాంకు కోచింగే," అని నాన్న ముందే హెచ్చరించారు. నాకేమో లెక్కలంటే చలిజ్వరం, అచ్చుకాగితం వాసనంటే ప్రాణం. అందుకని నారాయణగూడ నుంచి నడిచొచ్చి, అందరికంటే ముందు కుర్చీలో కూర్చుని ఎర్రపెన్ను మూత తీసేదాన్ని.

అప్పుడు వచ్చింది సముద్రపు చేపల పుస్తకం. విశాఖలో చేపల మీద పరిశోధన చేసి రిటైరైన ఒక పెద్దాయన (ప్రెస్సంతా చేపల సారు అనేవాళ్ళం) జాలర్ల కోసం రాశారు. ఏ చేప ఎంత లోతులో తిరుగుతుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, దానికోసం వల వేస్తే గిట్టుబాటవుతుందా కాదా, అన్నీ అందులో ఉన్నాయి. చేప ముక్క ఎరగని ఇంట్లో పుట్టిన నేను (రాంనగర్ చేపల మార్కెట్ దాటాల్సి వస్తే అమ్మ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టించేది) ఆ పేజీల్లో మునిగిపోయాను. కానాగంత చేపలు గుంపులు గుంపులుగా ఎలా ఈదుతాయో చదివి కిటికీలోంచి చూస్తే, మలుపులో ఆటోలన్నీ ఒక్కసారిగా ఒకే వైపు తిరిగేవి. వాన మొదలైతే రోడ్డంతా నీలంగా, నెమ్మదిగా ఊగేది. ముందున్న టీ చల్లారిపోయేది.

ఆ మైకంలోనే నాలుక చేప బొమ్మ దగ్గర ఆగాను. రెండు కళ్ళూ ఒకే వైపున ఉన్నాయి!

"అన్నా, గిదేంది? రెండు కండ్లు ఒక్క దిక్కే పెట్టినవ్," అన్నాను డీటీపీ చేసే అన్నతో.

"సారిచ్చిన బొమ్మనే గట్లున్నది మరి."

"పెద్దాయన, పాపం, సూస్కోలేదు. ఒకటి తీసెయ్."

తీసేశాడు. (ఫోన్లో వెతికితే నిమిషంలో తెలిసేది. కానీ తప్పులు పట్టేవాళ్ళకు తమ మీద తమకు అనుమానం రాదు.)

పుస్తకాలు అచ్చయి కట్టలు కట్టాక చేపల సారు వచ్చారు. మురిపెంగా పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "దీని రెండో కన్నేదమ్మా?" అన్నారు. జరిగింది చెప్పేశాను. ఓనరు తల పట్టుకుని, "ఖతం! ఎల్లుండి లోపల అన్ని పుస్తకాలు సక్కగ కాకపోతే నువ్వు ఇగ రాకమ్మా," అన్నారు.

సారు మాత్రం కోప్పడలేదు. "పుట్టినప్పుడు మనలాగే అటొకటి, ఇటొకటి ఉంటాయమ్మా. పెరిగేకొద్దీ ఒక కన్ను నెమ్మదిగా తల మీదుగా నడిచి రెండోదాని పక్కకి చేరుతుంది. ఇక ఇసుకలో పడుకుని రెండు కళ్ళతోనూ పైకి చూస్తుంది," అన్నారు. కొలువు పోబోతున్న సంగతే మరిచి, ఆ నడిచే కన్ను వెంట నేనెటో వెళ్ళిపోయాను.

"నల్లపెన్నుందా?" అంటూ ఆయన నా పక్కకు కుర్చీ లాక్కున్నారు. రెండు రోజులపాటు ఇద్దరం ఒక్కొక్క పుస్తకమే తెరిచి కన్ను పెట్టాం. మొదట్లో ఉత్త చుక్క పెట్టినదాన్ని, పోనుపోను కాటుక కూడా దిద్దసాగాను. సారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "అమ్మా, వీటిలో మగవి కూడా ఉంటాయి," అన్నారు.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు ఎర్రపెన్ను ఎత్తేముందు ఒకసారి అడిగి తెలుసుకునే పెద్దరికం వచ్చింది గానీ, సముద్రం మాత్రం ఇంకా చూడలేదు. (ట్యాంక్‌బండ్ చాలదా అంటారు నాన్న.) అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. తీరంలో ఏ జాలరి ఇంటి గూట్లోని పుస్తకంలోనో, ఆ పిల్ల కాటుక దిద్దిన కన్ను ఈపాటికి రోజూ సముద్రాన్ని చూస్తూ ఉంటుంది.