అవ్వ పాలు పోసిన నాగుపాము పటం

మా చిన్నప్పుడు... టీపొడి పొట్లం విప్పితే లోపల ఒక రంగు పటం ఉండేది! కంచెల్లో తిరిగే జీవాల బొమ్మలు... తొండ, ముంగిస, కముజుపిట్ట, ఉడుత. అన్నీ పోగేయాలని పిల్లలందరికీ ఒకటే పిచ్చి.

మా పెనుకొండ ఇంట్లో టీ తాగేవాళ్లే లేరు. ఇంక పటాలెక్కడివి? నా స్నేహితురాలు జైబున్ వాళ్ల నాయనకు బస్టాండు దగ్గర టీ హోటలు. పటాల్లో అది జమీందారు! నాగుపాము పటం బడి మొత్తానికి దాని దగ్గరే ఉండేది. బతిమాలి బతిమాలి ఒక్కరోజుకు తెచ్చుకున్నాను.

అవ్వకు చూపించాను. అప్పటికే ఆమె కళ్లకు పొర కమ్మింది. పటాన్ని ముక్కుకు ఆనించుకుని చూసి, చేతులు జోడించింది.

"నాగప్ప గదా పాపా! మన చేని కంచెలో, పుట్టకాడ చూసినట్లే ఉండాడు."

మరునాడు నాగుల చవితి. ఇంట్లోవాళ్లంతా ఆ పుట్టకు పాలు పోయడానికి వెళ్లారు. చూపు ఆనని అవ్వను గట్ల మీద నడిపించేదెవరు? ఇంట్లోనే ఉండిపోయింది. నేనేమో పటాన్ని గూట్లో మరిచిపోయి బడికి వెళ్లాను...

సాయంత్రం వచ్చి చూద్దును గదా... పటం నిండా పసుపు, కుంకుమ, పాలు! పక్కన నువ్వులు, బెల్లం దంచిన చిమ్మిలి ముద్ద. రంగులన్నీ కారిపోయి పడగేదో తోకేదో తెలియడం లేదు.

"నీకు కండ్లు పోయినాయా అవ్వా! అది జైబున్ పటం!" అని అరిచేశాను.

అవ్వ ముఖం చిన్నబోయింది.

"పోయినాయి పాపా... పుట్టకాడికి పోలేక ఈడనే పోస్తి. ఆ పిల్లదని తెలీకపాయె. తప్పయిపాయె."

కొంగుతో పటం తుడవబోయింది. మిగిలిన రంగు కాస్తా కొంగుకే అంటుకుంది.

భయపడుతూనే జైబున్‌కు చూపించాను. అది పసుపు మరకలు చూసి, "పూజ చేసినారా? అయితే మీ అవ్వకాడనే ఉండనీలే మే" అంది. అంతే!

అయినా అవ్వ మనసు కుదుటపడలేదు. ప్రతి చవితికీ జైబున్‌కు చిమ్మిలి పంపేది. "ఆ పిల్ల కోపం పోయిందా పాపా?" అని అడిగేది. "ఎప్పుడో పోయిందిలే" అనేదాన్ని. నేనన్న మాట మాత్రం ఆమె ఎప్పుడూ ఎత్తలేదు... తప్పైందని నేనూ చెప్పలేదు. అవ్వ పోయాక ఇంకెవరికి చెప్పను?

ఇప్పుడు ఫోన్‌లో ఏ జీవమైనా కనిపిస్తుంది... నా కళ్లకే పొర వచ్చింది. మనవరాలు బొమ్మ పెద్దది చేసి, నా ముఖం దగ్గర పెట్టి, "కనపడిందా అవ్వా?" అని ఓపిగ్గా అడుగుతుంది. ఆ ఓపిక చూస్తే సిగ్గేస్తుంది నాకు.

మీ ఇంట్లో చూపు ఆనని అవ్వ ఉంటే, ఈ పూట ఏదో ఒక బొమ్మ దగ్గరగా పట్టుకుని చూపించండి... చూసి ఆమె ఏమందో ఇక్కడ రాయండి. నేను చదివించుకుంటాను.