ఇంజన్ వేడి

నామక్కల్ లారీ డ్రైవర్లలో చెంగోడన్‌కి ఇంకో పేరుంది, వేడి డాక్టరు. స్టీరింగ్ పట్టి తల నెరిసినవాడు కాబట్టి ఎవరికి ఏ బాధ వచ్చినా అతన్నే అడిగేవాళ్లు. కళ్లు మండితే ఇంజన్ వేడి అనేవాడు. మూత్రంలో మంట పుడితే ఇంజన్ వేడి. చెప్పుకోలేని చోట పుండు లేస్తే అది మరీ ముదిరిన ఇంజన్ వేడి. మందు మాత్రం ఒకటే. నువ్వుల నూనెలో వెల్లుల్లి, మిరియాలు వేసి కాచి, చల్లార్చి, కాలి బొటనవేళ్లకు పట్టించాలి. ఆపైన కడుపునిండా మజ్జిగ తాగాలి. ఫీజు లేదు, టీ ఇప్పిస్తే చాలు.

ఈ వైద్యం పనిచేసేది కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పుండు నొప్పి పెట్టదు. కొన్ని వారాలకి దానంతటదే మానిపోతుంది. మానినప్పుడల్లా నూనెకి పేరొచ్చేది. రోడ్డు పక్కన ఏ గుడిసె ముందు లారీ ఆపారో, లోపల ఎంతసేపున్నారో ఆ ఊసు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఇంజన్‌కి నోరు లేదు, అందరి నిందా అదే మోసింది.

చెంగోడన్ భార్య రామాయికి మరుదముత్తు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక ఆమే వాడికి అన్నం కలిపిపెట్టి పెంచింది. మీసాలు రాగానే, "వీణ్ణి మనిషిని చెయ్యండి" అని మొగుడికి అప్పగించింది. చెంగోడన్ వాడికి గేర్లు నేర్పాడు, ఘాట్ రోడ్డు దిగడం నేర్పాడు, ఎక్కడెక్కడ ఆగాలో కూడా నేర్పాడు.

ఒక గుజరాత్ ట్రిప్పులో, ఢాబా వెనక పంపు దగ్గర స్నానం చేస్తూ మరుదముత్తు బావని పక్కకి పిలిచాడు.

"బావా, ఇక్కడో పుండు లేచింది. నొప్పి లేదుగానీ భయంగా ఉంది. ఎదురుగా డాక్టరు బోర్డు కనిపిస్తోంది, ఓసారి చూపించుకొస్తా."

చెంగోడన్ పకపకా నవ్వాడు. "ఒరేయ్, లారీ ఎక్కిన ప్రతివాడికీ వచ్చేదేరా ఇది. నాకూ వచ్చింది, పోయింది. ఆ డాక్టరు దగ్గరికెళ్తే నువ్వు బయటికొచ్చేలోపు ఢాబా అంతా తెలిసిపోతుంది. పద, నూనె కాచిపెడతా."

"నిజంగా వేడేనంటావా?"

"మరి చలి అనుకున్నావా? ఆ సీటు మీద గుడ్డు పెట్టి చూడు, ఉడికి కూర్చుంటుంది."

మరుదముత్తు కూడా నవ్వేశాడు. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. పుండు మానకముందే తిరుగు దారిలో మామూలు చోట ఆగాడు. చెంగోడన్ వద్దనలేదు. వద్దనాలని తోచలేదు కూడా. ఇంటికి చేరి కొన్నాళ్లయ్యాక పుండు మానింది. ఆ ఏడాదే తిరుచెంగోడులో పూంగొడి మెడలో మరుదముత్తు తాళి కట్టాడు.

పెళ్లయిన కొన్ని నెలలకి, లారీలు నిలిపే యార్డులో డ్రైవర్లకి రక్తపరీక్షల శిబిరం పెట్టారు. బావా బావమరుదులిద్దరూ చేతులు చాపారు. సోమవారం ఫలితాలు చెప్పారు. చెంగోడన్ రక్తంలో పాత సిఫిలిస్ ఉంది, సూదులు వేయించుకోమన్నారు. హెచ్‌ఐవీ లేదు. మరుదముత్తుకి రెండూ ఉన్నాయి. ఆ సంగతి వాడే బావని పాత టైర్ల గుట్ట వెనక్కి తీసుకెళ్లి చెప్పాడు. చెప్పి, టైరు మీద కూలబడ్డాడు.

చెంగోడన్ మళ్లీ శిబిరంలోకి వెళ్లి, సలహాలు చెప్పే తమిళ్‌సెల్వి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, పుండుకీ ఆ పెద్ద జబ్బుకీ ఏమైనా సంబంధం ఉందా?"

"ఎందుకు లేదన్నా? చర్మం గోడ అనుకో. పుండంటే గోడకి పడ్డ కన్నమే. దాన్ని మాన్పడానికి ఒళ్లు రక్షక కణాలని అక్కడికి పంపుతుంది. హెచ్‌ఐవీ పట్టుకునేది సరిగ్గా వాటినే. అందుకే పుండున్న మనిషికి అంటుకోవడం తేలిక. రెండు జబ్బులూ ఉన్నవాడి నుంచి పెళ్లానికి అంటడమూ తేలికే."

"పుండు మానిపోతే?"

"పైకి మానుతుంది, సిఫిలిస్ రక్తంలో దాక్కుంటుంది. మొదట్లోనే వస్తే ఒక్క సూదితో పోతుంది. కానీ ఆ సూది హెచ్‌ఐవీని ఆపదన్నా. దానికి నిరోధ్ ఉండాల్సిందే. ఇంట్లోవాళ్లకి పరీక్ష చేయించాల్సిందే."

"అయితే మావాడికి పుండు వల్లే వచ్చిందంటావా?"

"అది నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

ఆ మాటతో గుండె కాస్త తేలికపడాలి. పడలేదు. ఢాబా వెనక తను నవ్విన నవ్వు అతని చెవుల్లోనే ఉండిపోయింది. నమ్మి వచ్చిన కుర్రాణ్ణి డాక్టరు గుమ్మం దాకా పోనివ్వకుండా లాక్కొచ్చిన పాపాత్ముణ్ణి నేనే అనుకున్నాడు. పైగా తనకి ఆ జబ్బు లేదు. అది మరీ సిగ్గుగా అనిపించింది.

ఇంటికెళ్లేసరికి వసారాలో పూంగొడి కాళ్లు చాపుకుని కూర్చుంది. రామాయి ఆమె బొటనవేళ్లకి నూనె రాస్తోంది.

"ఏమైంది?" అన్నాడు చెంగోడన్.

"ఆడవాళ్ల సంగతి, మీకెందుకు? పిల్లకి వేడి చేసింది, పుండు లేచింది. మీ వైద్యమేగా, నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది."

చెంగోడన్ చెప్పాల్సింది అప్పుడే. కానీ పూంగొడి పుండు సంగతి చెప్పాలంటే మరుదముత్తు సంగతి చెప్పాలి. అది చెప్తే, ఒకప్పుడు రామాయికి లేచిన అలాంటి పుండే ఎందుకు వచ్చిందో కూడా బయటపడుతుంది. మరుదముత్తయితే ఆ సాయంత్రం కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. "చెప్పకు బావా. అక్క మొహం చూడలేను. సమయం చూసి నేనే చెప్తా." చెంగోడన్ సరేనన్నాడు. ఆ సరే బావమరిది కోసం కాదు, తన కోసమని అతనికి తెలుసు. ఆ వారమంతా అతను యార్డుకీ ఇంటికీ తిరుగుతూ, కంచం ముందు కూర్చుని లేస్తూ గడిపాడు.

ఆదివారం పొద్దున్న రామాయి మళ్లీ నూనెగిన్నె పొయ్యి మీద పెట్టింది. చెంగోడన్ వెళ్లి పొయ్యి ఆర్పేశాడు. నేలమీద కూర్చుని, తలెత్తకుండా మొత్తం చెప్పేశాడు. తను ఆగిన చోట్లు, తన పుండు, ఆమెకొచ్చిన పుండు, తమ్ముడికి చెప్పిన వైద్యం, తమ్ముడి రక్తం.

రామాయి పెళ్లయ్యాక మొదటిసారి మొగుణ్ణి నువ్వు అంది.

"నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని నువ్వే నూనె రాశావు అప్పుడు. నా మొగుడంత మంచోడు లేడని వీధంతా చెప్పుకున్నాను. ఆ తప్పు నాతోనే ఆగి ఉంటే ఊరుకునేదాన్ని. తల్లి లేని బిడ్డని నీ చేతిలో పెట్టానయ్యా." చెంగు విదిల్చి లేచింది. "ఆటో పిలువు. ముందు ఆ పిల్లని చూపించాలి. రేపటిదాకా ఆగను."

ఆదివారం కాబట్టి పెద్దాసుపత్రిలో అత్యవసర విభాగమే తెరిచి ఉంది. రక్తం తీశారు. పూంగొడికి సిఫిలిస్ ఉందని తేలింది, సూది వేశారు. రామాయికి కూడా వేశారు. పూంగొడికి హెచ్‌ఐవీ లేదనే వచ్చింది. కానీ ఈమధ్యే అంటుకుని ఉంటే ఇప్పుడే కనబడదనీ, మూడు నెలలయ్యాక మళ్లీ చూడాలనీ, అంటుకోకుండా వెంటనే వేసుకోవాల్సిన మందులకి సమయం దాటిందేమో పెద్ద డాక్టరు చూసి చెప్తాడనీ చెప్పారు. పుండున్న రోజుల్లో మొగుడితో కలిసిందా అనే డాక్టరమ్మ గుచ్చిగుచ్చి అడిగింది.

వరండా బెంచీ మీద మరుదముత్తు ఒక కొసన తల దించుకుని కూర్చున్నాడు. రామాయి వాడి వైపూ చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. ఆటోలోనే రామాయి నోట అంతా విన్న పూంగొడి చెంగోడన్ ముందుకొచ్చి నిలబడింది. ఏడవలేదు.

"అన్నయ్యా, ఈ పుండు వేడి వల్ల కాదని మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "సోమవారం తెలిసిందమ్మా."

"ఆయనకీ అప్పుడేనా?"

"అప్పుడే."

పూంగొడి బెంచీ కొసన ఉన్న మొగుడి వైపు చెయ్యి చూపించింది. "అంతకుముందు మీకు తెలియదు, సరే. కానీ అన్నయ్యా, ఈ వారమంతా ఆయన ఇంట్లోనే ఉన్నారు."