శిఖంలో దోసపాదులు

మొన్న మా ఆడపడుచు గృహప్రవేశానికి నానక్‌రామ్‌గూడ వెళ్లి, పద్దెనిమిదో అంతస్తు బాల్కనీలో నిలబడి కిందికి చూస్తుంటే, ఒకప్పుడు నేను అద్దెకున్న ఇంటి అవ్వ పెట్టిన దోసపాదులు ఏ వైపు ఉండేవో ఎంత వెతికినా ఆనవాలు దొరకలేదు. లోపల భోజనాలకు పిలుస్తున్నా నా మనసు తొంభైల చివరి రోజుల్లోకి జారిపోయింది.

అప్పుడు నేను గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చి, మాదాపూర్‌లో ఒక ఆఫీసులో టైపు చేస్తూ, అప్పటికింకా పల్లెలా ఉన్న ఈ నానక్‌రామ్‌గూడలో అవ్వ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గచ్చిబౌలి దాటితే బండరాళ్లూ, సీతాఫలం పొదలూ, బోలెడంత గాలీ తప్ప మరేమీ ఉండేవి కావు. వానలకు నిండిన ఊరి చెరువు మాఘం వెళ్లేసరికి మెల్లగా తగ్గేది. నీరు వదిలిన ఆ మెత్తటి నేలను శిఖమనేవారు. నీరు ఒక అడుగు వెనక్కి వేస్తే అవ్వ ఒక అడుగు ముందుకు వేసి దోసగింజలు పెట్టేది. పొద్దుటి మంచులో ఆవిడా కొంగలూ ఒకేలా వంగి తిరుగుతుంటే దూరం నుంచి ఎవరెవరో తెలిసేది కాదు. ఆ కాయలతో ఆవిడ చేసిన పప్పు రుచి మళ్లీ నాకెక్కడా తగల్లేదు, నా వంటలో అసలే తగల్లేదు.

ఒక ఏడు ఎవరో ఆ నేల తమదంటూ కాగితాలు పట్టుకొచ్చి, శిఖంలో ఇళ్ల స్థలాలకని హద్దురాళ్లు పాతించారు. ఊరివాళ్లంతా మండలాఫీసుకు అర్జీ పెట్టాలనుకుని, చదువుకున్నదాన్నని రాసే పని నాకప్పగించారు. నేను ‘మా ఊరి చెరువు’ అని మొదలుపెట్టగానే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

“చెరువని రాయకు బిడ్డా. చెరువు సర్కారుదంటరు, మమ్ములనే ఎల్లగొడ్తరు. మా పొలమని రాయి.”

పచ్చటి పైరు జోలికి ఎవరూ రారని నమ్మే ఊళ్లనుంచి వచ్చినదాన్ని, నాకూ అదే సబబనిపించింది. నీటి ఊసే లేకుండా, తాతలనాటి నుంచి సాగు చేసుకుంటున్న పొలాలని రెండు పేజీలు మురిసిపోతూ రాశాను. అందరూ వేలిముద్రలు వేశారు.

కొన్నాళ్లకు మేం వెళ్లి అడిగితే, ఆఫీసులో గుమాస్తా తాపీగా చెప్పాడు. చెరువైతే ఇళ్లు కట్టకుండా ఆపేవాళ్లట, పొలమని మేమే రాసిచ్చాం కనుక కాగితాలున్నవాళ్లదే హక్కట. ఎండల్లో వచ్చి చూసిన ఆఫీసువాళ్లకు అక్కడ నీళ్లు మాత్రం ఎక్కడ కనిపిస్తాయి? బస్సులో నేను తల దించుకుని ఏడుస్తుంటే, పొలం పోగొట్టుకున్న మనిషే నన్ను ఓదార్చింది.

“నేను చెప్పిన, నువ్వు రాసినవు. ఇగ ఫికర్ జెయ్యకు.”

కాయలు కోతకు రాకముందే మట్టి లారీలు వచ్చాయి.

ఇప్పుడు అక్కడ నీళ్లు ట్యాంకర్లలో వస్తున్నాయి. చెరువుల కోసం ప్లకార్డులు పట్టుకుని నిలబడే పిల్లలను చూస్తే ముచ్చటేస్తుంది, చెరువన్న మాట పైకి అనడానికి వాళ్లకు భయం లేదు. నాకు మాత్రం అవ్వ ఆ రోజు బస్సులో నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.