రెండోసారి అడిగే మనిషి

మా ఆఫీసులో ఆమెను అందరూ అక్క అనేవారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. మాది ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు చూసే యాప్. మేము రాసిన ప్రోగ్రామంతా ఒకచోట చేర్చి, సరిచూసి, జనం ఫోన్లకు పంపే వరసను పైప్‌లైన్ అంటాం. దాన్ని మొదలుపెట్టే బటన్ పదకొండేళ్లు అక్క చేతిలో ఉంది. డేటా ఎంట్రీకి చేరి, ఎవరూ నేర్పకుండా, పక్క సీట్ల స్క్రీన్లు చూస్తూ అంతవరకు వచ్చింది.

బటన్ నొక్కే ముందు చెప్పులు టపటపలాడించుకుంటూ సీటు సీటుకీ వచ్చేది. "అయిందా?" అనేది. "అయిందక్కా" అనేవాళ్లం. కదిలేది కాదు. "నిజంగా?" అనేది. ఆ రెండో ప్రశ్నకు ఎంత గడుసువాడైనా నీళ్లు నమిలేవాడు.

"ఒక్క టెస్టు మిగిలిందక్కా."

"అయితే కానివ్వు. నేనెక్కడికీ పోవట్లేదు."

అక్కడే నిలబడేది. మాకు ఒళ్లు మండేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా మేనేజరుకు మేము పెట్టుకున్న పేరు 'తర్వాత చూద్దాం గారు'. ఆయన ఒక ఆటోమేషన్ టూలు తెప్పించాడు. స్క్రీన్ మీద గళ్లు గీసి బాణాలతో కలిపితే చాలు, సరిచూసే టెస్టరు ఒక ఫారంలో 'అయింది' అని టిక్కు పెట్టగానే పైప్‌లైన్ దానంతటదే మొదలవుతుంది. ఆ గళ్లు గీసే పని అక్కకే అప్పగించాడు. తన గొయ్యి తననే తవ్వుకోమన్నారని ఆమెకు తెలుసు. తెలిసీ శ్రద్ధగా గీసింది. మధ్యలో ఒక గడి అదనంగా పెట్టింది, మొదలయ్యే ముందు ఒక మనిషి చూసి సరే అనాలని. "మళ్లీ మనిషెందుకమ్మా?" అని ఆయన దాన్ని తీయించేశాడు.

టూలు పైప్‌లైన్‌ను తాకాలంటే ఎవరో ఒకరి ఖాతా తాళం, అంటే పాస్‌వర్డు లాంటిది, దానికి ఇవ్వాలి. ఆఫీసు పేరున ఖాతా తీయాలంటే పైవాళ్ల అనుమతులు కావాలి. "ప్రస్తుతానికి మీది పెట్టేయండమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. అక్క పెట్టింది.

ఒక బుధవారం అక్క సెలవు పెట్టి అత్తగారిని కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్లింది. ఆ రోజు టెస్టు చేస్తున్నవాళ్లలో నేనూ ఉన్నాను. టైములు సరిచూసే టెస్టు ఒకటి మిగిలి ఉండగానే అందరూ భోజనానికి లేచారు. రెండోసారి అడిగే మనిషి లేదు. టిక్కు పెట్టి నేనూ లేచాను. తిరిగి వచ్చేసరికి అపాయింట్‌మెంట్లన్నీ అసలు టైము కంటే రెండేసి గంటల ముందే చూపిస్తున్నాయి. రెండు ఆసుపత్రుల్లో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు డాక్టరు లేని గదుల ముందు కూర్చున్నారు.

మర్నాడు మీటింగులో మేనేజరు పైప్‌లైన్ రికార్డును గోడ మీద చూపించాడు. 'ప్రారంభించినవారు' అన్న చోట అక్క పేరుంది.

"ఆ టైముకి నేను ఆసుపత్రిలో ఉన్నానండి" అంది అక్క. "మొదలుపెట్టింది టూలు. టిక్కు ఎవరు పెట్టారో అడగండి."

"ఫారంలో ఆ వివరం ఉండదమ్మా. తాళం మీదేగా?"

"మీరే పెట్టమన్నారు."

"నేనెక్కడైనా రాసిచ్చానా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాను. నాకు చిన్న పిల్లాడున్నాడు, ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకదు. రెండూ నిజమే. కాలేజీకి వెళ్లే కూతురు అక్కకూ ఉంది.

శుక్రవారం ఆమెను పంపేశారు. టీ కప్పు, సీటు కింద దాచుకునే పాత స్వెట్టరు సంచీలో వేసుకుని లిఫ్టు దగ్గర నిలబడింది. సంచీ అందుకోబోయాను, ఇవ్వలేదు.

"టిక్కు నువ్వు పెట్టావా?"

"లేదక్కా."

లిఫ్టు వచ్చింది. ఎక్కలేదు. తలుపులు మూసుకున్నాయి.

"నిజంగా?"

"నిజంగా అక్కా."

లిఫ్టు బటన్ మళ్లీ నొక్కింది. అది రాగానే ఎక్కి వెళ్లిపోయింది. ఉద్యోగం కోసం ఎక్కడికి వెళ్లినా ఆ బుధవారం గురించే అడుగుతున్నారట. ఇప్పుడు ఒక జిరాక్సు షాపులో పని చేస్తోందని విన్నాను.

ఆమె ఖాతా మూసేయమని మేనేజరు చెబితే సిస్టమ్స్ చూసే ఆయన తల అడ్డంగా ఊపాడు. "మూస్తే ఆ తాళం చెల్లదు సార్. ఒక్క పైప్‌లైనూ కదలదు."

"అయితే ప్రస్తుతానికి ఉండనివ్వండి. తర్వాత చూద్దాం."

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. మావాళ్లు తెప్పను ఉంచుకుని, కట్టిన మనిషిని ముంచేశారు. ఆ ముంచినవాళ్లలో నా చెయ్యీ ఉంది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఇవాళ మధ్యాహ్నం కూడా ఫారంలో టిక్కు పెట్టాను. నిమిషంలో అందరికీ మెయిల్ వచ్చింది, పైప్‌లైన్ మొదలైందని. ప్రారంభించినవారు, అక్క. నిజంగా అయిందా అని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.