డైరీలో గడి లేని నొప్పి

నాకు ఆరేళ్లుగా గుండె లయ తప్పే జబ్బు ఉంది. ఉన్నట్టుండి గుండె పరుగెడుతుంది, మాత్ర వేసుకుంటే కాసేపటికి సర్దుకుంటుంది. బొగ్గు గనిలో మనుషులతో పని చేయించే ఓవర్‌మన్‌గా ఏళ్ల తరబడి షిఫ్టు రిపోర్టులు రాసిన చెయ్యి ఊరుకుంటుందా? గుండెకూ ఒక డైరీ పెట్టాను. తేదీ, టైము, నాడి, మాత్ర: స్కేలు పెట్టి గీసిన నాలుగు గళ్లు.

మొన్న ఎండాకాలంలో ఒక ఉదయం ఉప్మా తింటుండగా గుండె మళ్లీ పరుగందుకుంది. ఈసారి ఛాతీ మీద బరువు, ఒళ్లంతా చెమట. నాడి నూటయాభై అని రాసి, మాత్ర వేసుకుని, ఎంతకీ తగ్గకపోతే, చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ గోదావరిఖని దవాఖానకు బయల్దేరాను. ఆటోలో నా భార్య కళ్లు తుడుచుకుంటుంటే, "పాతదేనే, ఫికర్ జెయ్యకు" అన్నాను.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ మా చిన్న కూతురికంటే చిన్నది. ఆమె ఈసీజీ తీసి చూస్తుండగా, డైరీ ఆమె ముందు పెట్టి పాఠం మొదలుపెట్టాను.

"సూడు బిడ్డా, పోయిన నెల గిట్లనే అయింది. సూదిమందిస్తే తగ్గుతది, ఇంటికి పోత."

"ఛాతిల నొప్పి ఉన్నదా కాకా?"

"కొంచెం బరువు. గది రాసేటందుకు గడి లేదు."

"గడి లేకుంటే నొప్పి లేనట్టేనా?"

నా భార్య ఇక ఆగలేదు. "గంట సంది ఛాతి రుద్దుకుంటనే ఉన్నడమ్మా! ఒక చేత్తోని రుద్దుకుంట, ఒక చేత్తోని అంగీ ఇస్త్రీ చేసిండు."

డాక్టరమ్మ డైరీ మూసేసింది. "గుండె గింత జోరుగ కొట్టుకుంటుంటే గుండెపోటు ఉన్నా ఈసీజీల తేలకపోవచ్చు. జోరు తగ్గించి మళ్ల తీస్త" అన్నది.

గనిలో గాలి పరీక్ష చెయ్యకుండా, అంతకుముందు షిఫ్టువాళ్ల రిపోర్టు చూసి "మార్పు లేదు" అని రాసేవాళ్లను అందరి ముందూ నిలబెట్టి తిట్టేవాణ్ని. ఆ ఉదయం నా ఛాతీ గురించి నేనిచ్చిన రిపోర్టు అచ్చం అదే.

వేగం తగ్గాక తీసిన రెండో ఈసీజీలో గుండెపోటు స్పష్టంగా కనబడింది. వెంటనే మందులు ఇచ్చి, మూసుకుపోయిన రక్తనాళం తెరిపించడానికి కరీంనగర్‌కు అంబులెన్సు ఎక్కించారు. పెద్దపల్లి దాటాక నా భార్య నా చెయ్యి పట్టుకుంది.

"నొస్తున్నదా?"

"నొస్తున్నది" అన్నాను.

అంత చిన్న మాట నా నోటి నుంచి రావడానికి ఆ పొద్దంతా పట్టింది.