కలబందకు కాపలా ఈల

ఇంటి ఓనరు సీసాలో మిగిలిన నీళ్ళు కలబంద నెత్తిన పోశాడో లేదో, పైనుంచి ఈల మోగింది. కింది వాటాలో బట్టలు కుట్టే ముసలావిడ మిషను ఆపి మరీ చూడటానికి వచ్చింది. పై వాటా గార్డుగారు రైలు ఉద్యోగం వదిలారు గానీ ఈల వదల్లేదు. మెట్ల మలుపులో ఉన్న ఆ చారల కలబందకు ఎవరైనా నీళ్ళు పోస్తే, ఆయనకు బండి పట్టాలు తప్పినంత పని.

“ఎండి చస్తోందని పోశానయ్యా.”

“దాహం మీకు, దానికి కాదు. ఇసుక మట్టి అడుగుదాకా ఆరితేనే నీళ్ళు. చలికాలం అవీ వద్దు. పైగా ఆకుల నడిమి గుంటలో పోస్తారా? కుళ్ళిపోదూ?”

“మెట్లు నావి.”

“మొక్క నాది.”

గార్డుగారు బానంత కుండీని మెట్లకు అడ్డంగా జరిపి పక్కనే కూర్చున్నారు. ఓనరు భోజనానికి కిందికి దిగాలి. చివరికి కలబందకు క్షమాపణ చెప్పుకున్నాకే దారి దొరికింది.

“దానికి పెళ్ళెప్పుడు, అన్నయ్యగారూ?” అని దెప్పేది ముసలావిడ.

“ముందు ఈ ఏటి పూత పుయ్యనివ్వమ్మా,” అనేవారాయన, నవ్వకుండా.

ఒకరోజు గార్డుగారి భార్య చెంబుతో వచ్చింది. ఆవిడకు మతిమరుపు ముదిరి మనుషులే గుర్తుండటం లేదు. ఈల కోసం ముసలావిడ చెవులు రిక్కించింది. మోగలేదు.

“పొద్దున్నుంచీ దీనికి చుక్క నీళ్ళు లేవండీ.”

“అయ్యో, నేను చూడనే లేదు. పొయ్యి.”

కుండీ అంచు చుట్టూ పోసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ చెంబు, మళ్ళీ అదే మాట. ఆయనదీ అదే జవాబు.

ముసలావిడ మెట్లెక్కి నిలదీసింది. “లోకానికంతా ఈల, పెళ్ళానికి లేదా?”

ఆయన గులకరాళ్ళు పక్కకు తీసి చూపించారు. పెద్ద కుండీలో చిన్న కుండీ దాగి ఉంది. మొక్క అందులో ఉంది. భార్య పోసిన నీళ్ళు రాళ్ళ మధ్యనుంచి జారి అడుగున బేసిన్లో పడుతున్నాయి.

“ఇంత తంటా ఎందుకు? వద్దని చెబితే సరి కదా.”

“చెబితే సిగ్గుపడుతుంది. మరిచిపోయి మళ్ళీ పోస్తుంది, మళ్ళీ సిగ్గుపడుతుంది. రోజంతా అదేనా దాని బతుకు? మొక్క పూసినప్పుడల్లా ‘నా చెయ్యి మంచిది’ అని మురిసిపోతుంది. దానికి మిగిలిన సంబరం అదొక్కటే.”

ముసలావిడ బేసిన్ ఎత్తి తనే బకెట్లో వంచింది.

కంటి ఆపరేషనుకు వెళ్ళే రోజు గార్డుగారు దిగివచ్చి, ఈల తుడిచి ముసలావిడ చేతిలో పెట్టారు.

“ఎవరు నీళ్ళు తెచ్చినా ఊదమ్మా. అది వస్తే మాత్రం ఈల దాచేసి, ‘నువ్వు పోయకపోతే ఎండిపోయేది వదినా’ అను. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ.”